నాంచారమ్మ తల ఊపిన వేళ

అనగనగా అనే ముందు పేరు చెబుతాను, వినండి. అన్యాయం జరిగింది మేడిపురం నేతగత్తె నాంచారమ్మకు. జరిగింది ఆషాఢ శుద్ధ సప్తమి నాడు, పట్టపగలు.

నాంచారమ్మకు చెవులు వినిపించవు, మాట రాదు. ఏదైనా చేతులతోనే చెబుతుంది. ఆ చేతిమాటలు ఊళ్లో ఒక్కరికే తెలుసు, పదేళ్ల కూతురు అంకాలుకు. సంతలో బేరమైనా, వైద్యుడి దగ్గర నొప్పి చెప్పుకోవడమైనా తల్లికి నోరు ఆ పిల్లే.

ఆ రోజు అంకాలు నీళ్లకు వెళ్లి వచ్చేసరికి ఇంట్లో మగ్గం లేదు! వర్తకుడు కోటిలింగం విప్పించి బండెక్కించాడు. మగ్గం లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"మగ్గం నాకిచ్చేస్తావా అని అడిగా. తల ఊపింది. నలుగురూ చూశారు" అన్నాడు కోటిలింగం.

"చూశాం" అన్నారు ఊరి పెద్దలు. అంకాలు ఏదో చెప్పబోతే, "పెద్దల వ్యవహారంలో పిల్లకేం పనే? పో!" అని కసిరారు. ఆ పిల్ల లేనిదే ఆ ఇల్లు గడవదని తెలిసిన పెద్దమనుషులే సుమా!

అంకాలు తల్లి చెయ్యి పట్టుకుని రాజుగారి సభకు నడిచింది. కోటిలింగాన్నీ పిలిపించారు.

"చేతులు తిప్పితే మాటలవుతాయా ప్రభూ? అంతా పిల్ల కల్పన" అన్నాడు వర్తకుడు.

"చూద్దాం" అన్నాడు రాజు. అంకాలును బయటకు పంపి, తల్లికి ఒకటి చూపించి, మళ్లీ లోపలికి పిలిచాడు. తల్లి చేతులు కదిలాయి.

"దానిమ్మపండు. సగం మీరే తినేశారట" అంది అంకాలు.

రెండోసారి పంపి, పిలిచాడు. "మంత్రిగారి ఉంగరం. మీ పాదుక కింద దాచారట."

మూడోసారి తల్లి చేతులు చూసి అంకాలు కిసుక్కున నవ్వింది. "చెబితే కొట్టరు కదా?"

"కొట్టను, చెప్పు తల్లీ."

"కోటిలింగం వెనక నిలబడి నాలుక చాపి వెక్కిరించారట!"

సభంతా ఘొల్లుమంది.

"ఇక అసలు సంగతి. తల ఎందుకు ఊపావో అడుగు" అన్నాడు రాజు.

తల్లి చెప్పింది, కూతురు పలికింది. "గుమ్మంలోకి వచ్చిన మనిషి మంచినీళ్లడుగుతున్నాడనుకున్నాను. అలాగేనని తల ఊపాను. చెంబు తెచ్చి ఇచ్చాను. తాగాడు. తాగి, మగ్గం పట్టుకుపోయాడు."

"నీళ్లు తాగావా?" అన్నాడు రాజు.

వర్తకుడు తల ఊపాడు.

మగ్గం కోటిలింగం నెత్తి మీదే ఇంటికొచ్చింది. రాజాజ్ఞ మీద ఊరి పెద్దలందరూ అంకాలు ముందు వరసగా కూర్చుని చేతిమాటలు దిద్దారు. "తాతా, వేళ్లు సరిగా తిప్పు! ఇలాగైతే అన్నం అడగబోయి గేదెను అడుగుతావ్!" అని గదమాయించేది ఆ పిల్ల.

రాజు వేయించిన శాసనంలో ఇంతే ఉంది: "ఇంట్లో ఒకరికి అండగా నిలిచిన పిల్లల మాట పెద్దల మాటతో సమానం, దాన్ని తోసిపుచ్చినవాడే దోషి. శ్రావణ శుద్ధ పంచమి, బుధవారం."