సింహాసనం కింద మరసీల

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక కోట, ఆ కోటలో ఒక రాజు, ఆ రాజుకో సింహాసనం. పేరుకే సింహాసనం, కూర్చుంటే కిర్రుమని ఓ పక్కకి ఒరిగేది. రాజు తీర్పు చెప్పబోతే అది కిర్రు, సభంతా కిసుక్కు. ఊఁ కొడుతున్నారా? కొట్టండి మరి, నేనేం గోడకి చెప్పటం లేదు.

ఆ ఊరి వడ్రంగి పోతులూరయ్య. ఆయన కోడలు మాణిక్యం, కాపరానికొచ్చి ఏడాదైనా కాలేదు. రాజు పోతులూరయ్యని పిలిపించి, పున్నమిలోగా సింహాసనం బాగవ్వాలి, కాకపోతే నీ పనిముట్లన్నీ లాక్కుంటానన్నాడు. వడ్రంగికి ఉలీ బాడిసా పోతే ఇంకేం మిగిలిందర్రా? చేతులు నరికినట్టే.

చూస్తే రోగం చిన్నదే. కాలిని పట్టి ఉంచే ఇనప పట్టీ విరిగింది. అది మార్చాలంటే పైనుంచి దిగిన మరసీల ఊడాలి. మీరు బోల్టు అంటారే, అదే, చిటికెనవేలంత. తుప్పు పట్టి కూర్చుంది. కొడితే రాదు, లాగితే రాదు, ఎడమకి తిప్పితేనే వస్తుంది. కుడికి తిప్పితే బిగుస్తుంది. సరే, ఎడమకి తిప్పబోతే రాజపురోహితుడు చెయ్యి పట్టుకున్నాడు. సింహాసనం దగ్గర అపసవ్యంగా తిప్పుతావా, అలా తిరిగేది శవం చుట్టూ కదయ్యా, రాజుగారికి అరిష్టం, తిప్పితే ప్రదక్షిణంగానే తిప్పు అన్నాడు.

మరేం చేస్తాడు? కుడికి తిప్పాడు. తిప్పినకొద్దీ బిగిసింది, బిగిసినకొద్దీ ఇంకా తిప్పమన్నారు. బొటనవేలు తోలు లేచిపోయింది పాపం. పున్నమి రెండ్రోజులుందనగా ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. ఏమైంది మామయ్యా అని మాణిక్యం అడిగితే చెప్పాడు. సీల రాకపోతే పట్టీ రాదు, పట్టీ రాకపోతే కాలు నిలవదు, కాలు నిలవకపోతే రాజు ఊరుకోడు, రాజు ఊరుకోకపోతే మన పొయ్యిలో పిల్లి లేవదు అని. ఆ పెద్దాయన కళ్ళలో నీళ్ళు చూసి ఆ పిల్ల ఊరుకోలేకపోయింది. కన్నకూతురిలా చూసుకున్నాడు మరి.

మర్నాడు ఆముదం గిన్నె పట్టుకుని తనూ వెంట వెళ్ళింది. తుప్పుకి ఆముదం పెడితే మెత్తబడుతుందని పుట్టింట్లో చూసిందిలే. పైన పోస్తే పట్టుపరుపు పాడౌతుందని, కొంగు దోపుకుని సింహాసనం కిందికి దూరింది. వెల్లకిలా పడుకుని, కిందికి పొడుచుకొచ్చిన సీల తోకకి గుడ్డతో ఆముదం అద్దింది. బూజంతా మొహాన పడి ఒకటే తుమ్ములు. నవ్వకండర్రా, వినండి. ఆ రాత్రంతా అలాగే నాననిచ్చింది.

పున్నమి పొద్దున్న మళ్ళీ కిందికి దూరి చూస్తోంది. పైన మామయ్య, పురోహితుడు చెప్పినట్టే, కుడికి తిప్పుతున్నాడు. ఆముదం నానింది కదా, సీల వెంట్రుకవాసి కదిలింది. కానీ కిందనుంచి చూస్తే అది తిరిగేది ఎడమకి! ఇదేమిట్రా దేవుడా అని మళ్ళీ తిప్పించి చూసింది. పైనుంచి కుడి, కిందనుంచి ఎడమ.

పురోహితుణ్ణి ఒక్కసారి వంగి చూడమని బతిమాలింది. ఆయన ఆ బొజ్జతో ఆపసోపాలు పడి వంగాడు, చూశాడు, నోరెళ్ళబెట్టాడు. ఇన్నాళ్ళూ ప్రదక్షిణమని తిప్పించింది ఇటునుంచి అపసవ్యమే కదా.

"అయ్యగారూ, నేను కిందనుంచి ప్రదక్షిణంగానే తిప్పుతాను. సెలవా?" అంది మాణిక్యం.

ఆయన తలూపాడు. పట్టకారుతో తోక పట్టుకుని కుడికి తిప్పింది, ఇంకా కుడికి, ఇంకా ఇంకా కుడికి. పైనుంచి చూసేవాళ్ళకి అది ఎడమేగా! సీల కిర్రుకిర్రుమంటూ పైకి లేచి ఊడొచ్చింది. పోతులూరయ్య దాన్ని కళ్ళకద్దుకున్నాడు. కొత్త పట్టీ వేసి, కొత్త సీల పైనుంచి కుడికే బిగించాడు. పురోహితుడికీ సంతోషమే.

సంగతి విని రాజు కిందికి దిగొచ్చి, కిరీటం పక్కనపెట్టి, తనూ వంగి చూశాడు.

"ఇన్నేళ్ళూ దీనిమీదే కూర్చున్నాను గాని, ఒక్కనాడూ కిందికి చూడలేదమ్మా" అన్నాడు.

మాణిక్యానికి పట్టుచీర, మామగారికి కొత్త బాడిస ఇచ్చి పంపించాడు. ఆనాటినుంచీ ఏ తీర్పు చెప్పాలన్నా ముందు గద్దె దిగి, ఫిర్యాదు తెచ్చినవాళ్ళ పక్కన కూర్చుని వినేవాడట.

అదర్రా సంగతి. బిగుసుకున్నదాని మీద బలం చూపిస్తే ఇంకా బిగుస్తుంది. నిన్నేనే సుబ్బులూ, పొద్దుటినుంచీ అన్నతో మాటల్లేవుట. వాడివైపునుంచీ ఓసారి చూడకూడదూ? కథ కంచికి బయల్దేరింది, నువ్వు వాడి దుప్పట్లోకి జరుగు.