పదకొండు సెకన్లు

భ్రమరాంబగారిని ఏదైనా అడగాలంటే పది మాటల్లో అడగాలి. కాకినాడ టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు మీట నొక్కిన మనిషి. పది మాటలు దాటిన సందేశం ఆవిడకి ఇప్పటికీ దుబారాగానే కనిపిస్తుంది. రిటైరయ్యాక తమ మేడమీద ఆదివారం ఉదయాలు వేదాంత పాఠం చెబుతున్నారు. మేం ఏడెనిమిదిమందిమి వెళతాం. ప్రశ్న మొదలుపెట్టగానే ఆవిడ వేళ్ళు ముడుస్తారు, పదకొండో మాట దగ్గర చెయ్యెత్తి ఆపేస్తారు. నేను పన్నెండేళ్ళుగా వెళుతున్నాను గాని ఇంతవరకూ ఒక్క ప్రశ్నా చివరిదాకా అడగలేకపోయాను.

కిందటి ఆషాఢంలో ఒక ఆదివారం వెనక వరసలోంచి హేమచంద్ర లేచాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పాఠానికి కొత్త. క్రిప్టో నాణేల కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చుని పనిచేస్తాడు. ఆ నాణేల లెక్కలన్నీ యంత్రాలే సరిచూసుకుంటాయి. కంపెనీకి ఆఫీసు లేదు. పదకొండు దేశాల్లో పంతొమ్మిదిమంది ఉన్నారు, ఎవరి మొహం ఎవరూ చూడలేదు. పేర్లు కూడా అసలువి కావు, బొమ్మలు పెట్టుకుంటారు. ఇతని బొమ్మ కొంగ.

"ఎవరినీ నమ్మక్కర్లేని పని మాది. మరి ఒంటరితనం ఎందుకు, అమ్మగారూ?" అన్నాడు.

"ఎనిమిదే. రెండు మిగిల్చావు" అని ఆవిడ మెచ్చుకున్నారు. జవాబు మాత్రం చెప్పలేదు. సరిగ్గా అప్పుడే గోడగడియారం తొమ్మిది కొట్టింది, హేమచంద్ర జేబులో ఫోను టింగుమంది. కొంచెంసేపటికి మళ్ళీ టింగుమంది.

ఎవరు నాయనా అని ఆవిడ అడిగితే, మొదటిది నేనేనండి అన్నాడు. అతని చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. మేం నవ్వాం. అతను సిగ్గుపడుతూ వివరించాడు. వాళ్ళ పనిలో పొద్దున్నే అందరూ ఒకచోట 'జీఎం' అని రాసుకోవడం ఆచారమట, గుడ్ మార్నింగ్‌కి పొట్టి. ఆ మాట పడితే మనిషి ఉన్నట్టు. రోజూ గుర్తుపెట్టుకోవడం విసుగనిపించి, తొమ్మిదింటికి దానంతట అదే వెళ్ళిపోయేలా చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాడు. దండం కూడా యంత్రం చేతే పెట్టించే కాలం వచ్చిందని నేను గొణిగాను. ఆవిడ నావైపు ఒక చూపు చూశారు.

"రెండోది ఎవరిది?"

"తాబేలుదండి. అంటే తాబేలు బొమ్మ పెట్టుకున్నతను. నాతో కలిసి రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. మిగతావాళ్ళు రాస్తే రాస్తారు, లేకపోతే లేదండి. అతను మాత్రం నాకు జవాబివ్వకుండా ఒక్కరోజూ ఉండడు."

ఆవిడ కళ్ళు చిట్లించి, నీ మాటకీ అతని మాటకీ మధ్య ఎంత ఎడం అని అడిగారు. హేమచంద్ర ఫోను చూశాడు. పదకొండు సెకన్లు. నిన్న? పదకొండు. మొన్న? వేలితో పైకి జరుపుకుంటూ పోయాడు. నలభై రోజులు వెనక్కి వెళ్ళినా పదకొండే. అక్కడితో అతని వేలు ఆగిపోయింది.

"మా రోజుల్లో విజయనగరంలో మీట దగ్గర ఎవరు కూర్చున్నారో చప్పుడు విని చెప్పేసేదాన్ని" అన్నారు భ్రమరాంబగారు. "ఎంత పనిమంతుడికైనా చెయ్యన్నాక కాస్త వంకర ఉంటుంది. ఇది చెయ్యి కాదు నాయనా."

అతని మొహం చిన్నబోయింది. తనలాగే అవతలివాడూ ప్రోగ్రాం పెట్టాడన్నమాట. నలభై రోజులుగా రెండు యంత్రాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటుంటే, తనకొక తోడున్నాడని ఇతను మురిసిపోయాడు. సరే, మరి అసలు మనిషి ఎలా ఉన్నాడని ఆవిడ అడిగారు. అతని పని చూసి చెబుతానని హేమచంద్ర ఇంకేదో తెరిచాడు. తాబేలు చివరిసారి పని చేసి ఎనిమిది రోజులైంది. ఎవరూ అడగలేదు. ఎవరు ఎప్పుడు పనిచేస్తున్నారని అడక్కపోవడం వాళ్ళ కంపెనీలో మర్యాద, పైగా రోజూ జీఎం వస్తూనే ఉందాయె. ఆవిడ చెప్పగా హేమచంద్ర అక్కడే ఇంగ్లీషులో 'అన్నం తిన్నావా?' అని రాశాడు. మేమందరం గడియారం చూస్తూ కూర్చున్నాం. పదకొండు సెకన్లకి జవాబు వచ్చింది, జీఎం అని.

హేమచంద్ర ఫోను కింద పెట్టేశాడు. "రేపు నేను పడిపోయినా నా జీఎం వెళుతూనే ఉంటుందండి" అన్నాడు చాలా నెమ్మదిగా.

ఆ తాబేలు పేరేమిటో, ఏ దేశంలో ఉంటాడో ఇతనికి తెలియదు. నెలకోసారి మొహాలు కనపడకుండా మాట్లాడుకుంటారు. ఆ మాటల రికార్డు ఉందంటే భ్రమరాంబగారు పెట్టమన్నారు. అంతా ఇంగ్లీషే, గొంతు ఎవరిదైనా కావచ్చు. వెనకాల చప్పుడేమీ లేదేమని ఆవిడ అడిగితే, చప్పుళ్ళు తీసేసే ఏర్పాటు ఉంటుందని, తాను ఎప్పుడూ అలాగే వింటానని చెప్పాడు. "అది తీసెయ్యి" అన్నారు ఆవిడ. ఈసారి గొంతు వెనకాల ఫ్యాను తిరిగింది, ఎక్కడో కుక్క మొరిగింది, తర్వాత దూరంగా మైకులో ఒక ఆడగొంతు. ఆవిడ కళ్ళు మూసుకుని మూడుసార్లు పెట్టించుకుని విన్నారు. "రైలు స్టేషను. తెలుగులో చెబుతోంది. పలాస."

రెండేళ్ళుగా హేమచంద్ర అతను ఏ పోర్చుగల్‌లోనో ఉన్నాడనుకుంటున్నాడు.

"వెళ్ళిరా. అవధానులుగారూ, మీరూ వెళ్ళండి" అని ఆవిడ పుస్తకం మూసేశారు. నాకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఆవిడ మాటకి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. సామర్లకోటలో దొరికిన రైలు ఎక్కి సాయంత్రం నాలుగున్నరకి పలాసలో దిగాం. పేరు తెలియని మనిషిని ఎక్కడ వెతకడం? అది హేమచంద్రకే తట్టింది. ఇలాంటి పని చేసేవాడికి అన్నం లేకపోయినా గడుస్తుంది గాని ఇంటర్నెట్ లేకపోతే గడవదని, స్టేషను పక్కనున్న కేబులతన్ని పట్టుకున్నాడు.

కేబులతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. "లైను స్లో అని రోజూ నన్ను తిట్టీవోడు ఒకడున్నాడండి, జీడిపప్పు గోడౌను మీద గదిలో. వారం పైనయింది, తిట్టనేదు. లైను బాగయిందనుకున్నాను" అన్నాడు. అని, తన మాట తనకే చెవిన పడినట్టు ఆగి, కొట్టుకి తాళం వేసి మా ముందు నడిచాడు.

గోడౌను వెనక మెట్లు. పైన మూసిన తలుపు. హేమచంద్ర తట్టాడు. చాలాసేపటికి లోపల్నించి "ఎవలు?" అని ఒక నీరసమైన గొంతు వినిపించింది. హేమచంద్ర నోరు తెరిచి ఆగిపోయాడు. తన అసలు పేరు చెబితే అతనికి తెలియదు, అతన్ని ఏ పేరుతో పిలవాలో తనకి తెలియదు.

"నేనండీ, కొంగని" అన్నాడు చివరికి.

లోపల మంచం కిర్రుమంది. తర్వాత "కొంగా? నువ్వు తెలుగోడివేటి?" అన్న మాట వచ్చింది, ఆ వెనకే గడియ తీసిన చప్పుడు. గోడ పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రవాడి కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పేరు ఢిల్లేశ్వరరావు. ముదిరిన పచ్చకామెర్లు. ఉన్న ఒక్క అక్కా సూరత్‌లో ఉంటుంది. ఆవిడకి కూడా రోజూ పొద్దున్న 'బాగున్నాను' అని వెళ్ళేలా ప్రోగ్రాం పెట్టేశాడట. అందుకే ఆవిడా కంగారు పడలేదు. మొదట్లో ఫోను చేద్దామనుకున్నానని, ఎవరికి చెయ్యాలో తోచలేదని, తర్వాత లేచే ఓపిక లేకపోయిందని ఆస్పత్రికి వెళ్ళే ఆటోలో హేమచంద్ర భుజం మీద తలవాల్చి చెప్పాడు. ఇంకో రెండు రోజులు ఆగితే నా చేతుల్లో ఉండేది కాదని డాక్టరు కేకలేశాడు. ఎవరిమీద కేకలెయ్యాలో తెలియక కేబులతనితో సహా మా ముగ్గురిమీదా వేశాడు. మేం సంతోషంగా తిట్లు తిన్నాం.

నేను మర్నాడు తిరిగొచ్చేశాను. హేమచంద్ర పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు. పగలు ఆస్పత్రి బల్ల మీద కూర్చుని తన పనీ అతని పనీ చేశాడట, అక్కకి రోజూ తనే ఫోను చేశాడట. ఇద్దరూ ఉద్యోగం మానలేదు, మానాల్సిన అవసరమూ లేదు. కాకపోతే కంపెనీలో జరిగిందంతా చెప్పి, జీఎం రాసేచోట ఇకనించీ ఎవరేం తిన్నారో రాయమని అడిగారు. అందరూ ఒప్పుకుంటారని నేననుకోలేదు. ఇప్పుడు పదకొండు దేశాలవాళ్ళు తమ పొద్దుటి తిండి గురించి రాసుకుంటారు. ఒకాయనైతే నాలుగు రోజులుగా బ్రెడ్డే తింటున్నానని రాస్తే, ముగ్గురు ఫోను చేసి మందలించారట.

కార్తీకంలో ఒక ఆదివారం పాఠం మధ్యలో హేమచంద్ర మళ్ళీ లేచాడు. "ఆనాటి నా ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదండి" అన్నాడు. భ్రమరాంబగారు వేళ్ళు ముడవబోతుండగా ఫోను టింగుమంది. అతను చూసి నవ్వుకున్నాడు. ఢిల్లేశ్వరరావు రాశాడు, నిన్నటి అన్నం తాలింపు పెట్టుకుంటే మాడిపోయిందని.

"తొమ్మిదికి రావాలి కదూ. ఎంత ఆలస్యం?" అన్నారు ఆవిడ.

"ఇవాళ పదిహేడు నిమిషాలండి. నిన్న గంటన్నర."

ఆవిడ పుస్తకంలో వదిలిన చోటు వెతుక్కుంటూ, "అయితే బాగానే ఉన్నాడు" అన్నారు.