తాతబ్బాయి ఇంటి కాఫీ మొక్క

నర్సీపట్నంలో టైలరు తాతబ్బాయి ఇంట్లో ముగ్గురుండేవారు. తాతబ్బాయి, అతని భార్య వరహాలమ్మ, ఆవిడ తమ్ముడు నూకరాజు. ముగ్గురికీ తమ తెలివంటే తగని గర్వం. ఎవరేం చెప్పినా తాము చెప్పింది చెప్పినట్టు చేస్తామని, ఊళ్ళో ఇంకెవరికీ ఆ జ్ఞానం లేదని తాతబ్బాయి కొలతలు తీస్తూ తీస్తూనే అందరికీ చెప్పేవాడు.

కాఫీ పడందే ఆ ఇంట్లో ఎవరికీ పొద్దు పొడవదు. ఒకసారి సంతలో, చింతపల్లి కొండ మీంచి మొక్కలు తెచ్చి అమ్మే పాంగి సోమన్న దగ్గర జానెడు కాఫీ మొక్క కనబడింది. కుండీలో పెట్టి ఇంట్లోనే పెంచుకోవచ్చన్నాడు. అంతే, కొనేశారు. ఇంటికి రాగానే వరహాలమ్మ కాఫీ పొడి డబ్బా ఎత్తి పక్కింటావిడకి ఇచ్చేసింది. కోడిని పెంచుకునేవాళ్ళు గుడ్లు కొనుక్కుంటారా అంది. మర్నాటి నుంచి ముగ్గురూ తలనొప్పికి గుడ్డలు కట్టుకుని మొక్క ముందు కూచున్నారు.

సోమన్న చెప్పిన జాగ్రత్తల్లో ఎవరికి గుర్తున్నది వాళ్ళు పట్టుకున్నారు. నీళ్ళెక్కువైతే వేళ్ళు కుళ్ళిపోతాయన్న మాట వరహాలమ్మకి గుర్తుంది. తన పది వేళ్ళూ చూసుకుని హడలిపోయింది. అంట్లు తోమడం మానేసింది. తమ్ముడి చేత మొహం కడుక్కోవడం మాన్పించింది. మొగుడి చేతులకి పాలిథిన్ సంచులు కట్టింది. ఆ సంచుల చేతులతో కుట్టిన చొక్కాలకి మూడేసి చేతులొచ్చాయి.

మొక్క మీద ఓ కన్నేసి ఉంచమన్న మాట నూకరాజుకి గుర్తుంది. ఎడమ కంటికి గంత కట్టుకుని కుడి కన్ను మొక్క మీద వేసి కూచున్నాడు. రెండు కళ్ళూ వేస్తే మోతాదు మించిపోతుందని భయం. అన్నం కూడా అటే చూస్తూ తినేవాడు. సగం ముద్దలు చెవి దాకా వెళ్ళి వచ్చేవి.

మొక్క మీద నీడ ఉండాలన్న మాట తాతబ్బాయికి గుర్తుంది. కొట్టు మూసేసి, తన నీడ మొక్క మీద పడేలా కిటికీ దగ్గర నిలబడ్డాడు. పొద్దు జరిగితే తనూ జరిగాడు. నాలుగో రోజు మబ్బు పట్టింది. నీడ మాయమైంది. ఇంకేముంది, ఇంట్లో గగ్గోలు. నీడ పడాలంటే వెలుగుండాలి కదా అని నూకరాజు ఆలోచించి, పెళ్ళిళ్ళకి పెట్టే పెద్ద లైటొకటి అద్దెకి తెచ్చి బావ వీపు వెనక వెలిగించాడు. నీడ దిట్టంగా పడింది. సాయంత్రానికి గది కొలిమిలా కాగింది. బావ చొక్కా వీపు మీద మాడింది. మొక్క ఆకులు వేలాడేసింది.

సోమన్నకి ఫోన్ చేసి మొక్క తల వంచేసిందని చెప్పారు. మట్టిలో సారం లేదేమో, కాస్త బలం పెట్టండి అన్నాడు. అంతే. తాతబ్బాయి మొక్క మొదలు పట్టుకున్నాడు, అతని నడుం వరహాలమ్మ పట్టుకుంది, ఆవిడ నడుం నూకరాజు. ఉన్న బలమంతా పెట్టారు. మొక్క ఊడి చేతికొచ్చింది. ముగ్గురూ వెల్లకిలా పడ్డారు.

వరహాలమ్మ మొక్కని ఒళ్ళో పెట్టుకుని నిజంగానే ఏడ్చింది.

"ఇన్నాళ్ళూ కాఫీ చుక్క లేకుండా ఉన్నది దీనికోసమే కదయ్యా" అంది.

కబురందుకుని సోమన్న ఆ పూటే దిగాడు. అంట్ల గుట్ట చూశాడు, సంచుల చేతులు చూశాడు, ఒంటికన్ను నూకరాజుని చూశాడు. మొక్కని మళ్ళీ నాటి, కిటికీకి పల్చటి తెర కట్టి, మట్టి ఆరినప్పుడు గ్లాసుడు నీళ్ళు పోయమన్నాడు. "అంతకు మించి దాన్ని మీరేమీ చెయ్యకండి" అని దండం పెట్టాడు.

వాళ్ళు అదీ చెప్పింది చెప్పినట్టే చేశారు. మొక్క బతికింది. మూడేళ్ళు వాళ్ళు పొద్దున్నే చారు తాగి నెట్టుకొచ్చారు. మొక్క నడుం దాకా పెరిగి, తెల్లగా పూసింది. తర్వాత కొమ్మల నిండా ఎర్ర పూసలు వచ్చాయి. మొక్క నగలు పెట్టుకుందని వరహాలమ్మ మురిసిపోయి దిష్టి తీసింది.

అప్పుడు సోమన్న ఫోన్ చేసి, పళ్ళు ఎర్రబడ్డాయా అని అడిగాడు. ఎర్రబడగానే కోసి, ఎండబెట్టి, వేయించి పొడి కొట్టుకుంటే అదే కాఫీ అన్నాడు. కోసేటప్పుడు చిగుళ్ళకి దెబ్బ తగలనివ్వద్దన్నాడు.

ముగ్గురూ అద్దం ముందు నిలబడి నోళ్ళు తెరిచారు. తాతబ్బాయివి తెల్లగానే ఉన్నాయి. నూకరాజువి పచ్చగా ఉన్నాయి, ఇంకా పండాలి. ఇంకేముంది, కట్టలకి కట్టలు తమలపాకులు, వక్క, సున్నం తెచ్చుకుని మూడు రోజులు ఆగకుండా నమిలారు. నాలుగో రోజు పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వరసగా కూచున్నారు.

ఏ పన్ను నొప్పి అని డాక్టరు అడిగాడు. నొప్పేమీ లేదని తాతబ్బాయి చెప్పాడు.

"అన్నీ పండాయి డాక్టరుగారూ, కోసెయ్యండి. చిగుళ్ళు మాత్రం జాగ్రత్త. ముందు మా ఆవిడవి కొయ్యండి, అవే బాగా ఎర్రబడ్డాయి. ఎండబెట్టడానికి డాబా మీద చాప పరిచే వచ్చాం."