చెవి లేని నోటు

కందవరం రాజుగారు ప్రచండవర్మకు ఒకరోజు ఉన్నట్టుండి మిరపకాయ బజ్జీల మీద మనసైంది. వంటశాలలో వేసేవి కాదు, బజారులో పోలమ్మ వేసేవి. మారువేషం వేసుకుని వెళ్ళారు. పొట్లం కట్టించుకున్నారు. తన బొమ్మ అచ్చొత్తించిన వరహా నోటు తీసి ఇచ్చారు.

పోలమ్మ దాన్ని ఎండకెత్తి చూసింది. మడత దగ్గర చిరిగిపోయి, పక్కకు తిరిగి ఉన్న బొమ్మలో రాజుగారి చెవి లేదు.

"చెవి లేని రాజు నాకెందుకయ్యా? చెల్లడు. వేరేది ఉంటే ఇయ్యి" అని పొట్లం వెనక్కి లాక్కుంది.

రాజుగారు ఆకలితో, అవమానంతో కొలువుకు వచ్చిపడ్డారు.

"నా ఊళ్ళో నేనే చెల్లనా!"

ఆ నోట్లను అప్పడం కంటే పల్చటి కాగితం మీద అచ్చు వేయించినవాడు కోశాధికారి దండపాణి. ఊళ్ళో నోట్లన్నీ సరిగ్గా చెవి దగ్గరే చిరుగుతున్నాయి. ఆ సంగతి పైకి రాకముందే అతను మీసం దువ్వుకుంటూ లేచాడు.

"ఒక్క దండోరా చాలు మహాప్రభూ, కిక్కురుమనకుండా తీసుకుంటుంది. కబుర్లు చెప్పి పొట్టపోసుకునే ఈ సింగన్న వల్ల అవుతుందా?"

రాజుగారికి కబుర్లు చెప్పి నవ్వించడమే సింగన్న ఉద్యోగం. ఓ మూల కూర్చుని వక్క నములుతున్నవాడల్లా ఉలిక్కిపడ్డాడు.

"అయితే ఇద్దరికీ పందెం" అన్నారు రాజుగారు. "పోలమ్మ నవ్వుతూ ఆ నోటు తీసుకుని బజ్జీలివ్వాలి. ఓడినవాడికి సగం మీసం గొరిగిస్తాను."

"సగమేనా మహాప్రభూ?" అన్నాడు సింగన్న.

"మొత్తం తీస్తే ఓడినట్టు ఎవరికి తెలుస్తుందయ్యా?"

సింగన్న మీసం తడుముకున్నాడు. మామగారు ఆ మీసం చూసే పిల్లనిచ్చారు మరి.

ముందు దండపాణి వెళ్ళాడు. వెనక భటులు, డప్పులు. "చిరిగిన నోటు వద్దన్నవాళ్ళకు కొరడా దెబ్బలహో!"

పోలమ్మ చేతులు జోడించింది. "రాజాజ్ఞ కాదంటానా? తీసుకుంటానయ్యా. కానీ బజ్జీలు అయిపోయాయి."

"మరి మూకుడులో వేగుతున్నవేమిటి?"

"అవి నిన్ననే అమ్ముడుపోయినవి బాబూ. ఇవాళ వేగుతున్నాయంతే."

దండపాణి నోటుతోనే వెనక్కి వచ్చాడు.

మర్నాడు సింగన్న ఒంటరిగా వెళ్ళి, ఆ నోటును అరచేతిలో పెట్టుకుని, కళ్ళకద్దుకుని, నిట్టూర్చాడు.

"పోలమ్మా, నీ దగ్గర ఇలా చెవి లేనిది ఇంకోటి ఉందా? ఇంతకింత ఇస్తాను. వంటింట్లోకి ఇదుంది. పడకగదికి కూడా ఒకటి కావాలి."

"ఆ చింపిరి కాగితం దేనికయ్యా?"

సింగన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇది ఇంట్లో ఉంటే, మనం ఎన్ననుకున్నా రాజుగారి చెవిన పడదు."

పోలమ్మకు ముందురోజు రాత్రి మొగుడితో కలిసి రాజుగారిని ఎన్ని తిట్లు తిట్టిందో గుర్తొచ్చింది. మొహం విప్పారింది. "మా నాయనే! అదిటివ్వు. బజ్జీలు ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్ళు."

ఆ రహస్యం పోలమ్మ నోట్లో ఎంతసేపు ఆగుతుంది? మధ్యాహ్నానికి ఊరంతా కత్తెరలు పట్టుకుంది. ఏ కొట్టుకు వెళ్ళినా ఒకటే మాట, "చెవున్న నోటు మాకొద్దు బాబూ!"

సాయంత్రం కొలువులో రాజుగారు బజ్జీ నములుతూ కిటుకేమిటని అడిగారు. సింగన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజుగారు నమలడం ఆపేశారు.

"అంటే నా జనం ఇళ్ళల్లో కూర్చుని నన్ను ఆడిపోసుకుంటున్నారన్నమాట!"

 సింగన్నకు ఇప్పుడు పోయేది మీసమో, మీసం ఉన్న తలో తెలియడం లేదు.

దండపాణికి ప్రాణం లేచివచ్చింది. "రాజద్రోహం మహాప్రభూ! అలాంటి నోటు దగ్గర పెట్టుకున్న ప్రతివాడూ ద్రోహే!"

సింగన్న ఓ అడుగు ముందుకు వేశాడు.

"అయితే ముందు కోశాధికారిగారి నడుం దట్టీ విప్పించండి మహాప్రభూ."

భటులు విప్పారు. చెవి లేని నోట్లు జలజలా రాలాయి.

"పోలమ్మ దగ్గర రెండింతలిచ్చి కొన్నారు" అన్నాడు సింగన్న. "నేను పక్కనే బజ్జీ తింటున్నాను. బేరం కూడా ఆడలేదు."

రాజుగారు ముందుకు వంగారు. "ఏమయ్యా దండపాణీ, నా చెవిన పడకూడని మాటలు మీ ఇంట్లో ఏముంటాయి?"

"అబ్బే, మీ గురించి కాదు మహాప్రభూ! ఒట్టు! ఆ కాగితం చవగ్గా కొన్న సంగతి తప్ప..."

అని నాలుక కరుచుకున్నాడు.

రాజుగారు నవ్వడం మొదలుపెట్టి, పొలమారి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మంగలిని పిలిపించారు. దండపాణి సొంత ఖర్చుతో మందపాటి కాగితం తెప్పించి, ఊళ్ళో చిరిగిన నోట్లన్నిటికీ కొత్తవి ఇవ్వాలని ఆజ్ఞాపించారు.

"సింగన్నా, నీకు నూరు వరహాల నోట్లు బహుమానం!"

సింగన్న సవినయంగా చేతులు కట్టుకున్నాడు.

"చెవులున్నవా, లేనివా మహాప్రభూ? ఉన్నవైతే ఇవాళ బజారులో చెల్లవు."

సభంతా గొల్లుమంది. రాజుగారు నవ్వలేక నవ్వలేక, చేతి బంగారు కడియం తీసి సింగన్న చేతికి తొడిగారు.