ఇరవైరెండు పూతలు

రాత్రి నుంచి మోటారు మూడోసారి ఆగిపోయింది.

తవిటినాయుడు దాని మీద చెయ్యి వేసి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు. చక్కెర మిల్లులో క్రషింగ్ మొదలై ఇంకా మూడో రోజు. యార్డులో చెరుకును గానుగ దాకా మోసుకెళ్ళే క్యారియర్‌ను లాగేది ఆ గేరు మోటారే. మోటారూ గేరుపెట్టే ఒకే ఒంటిగా ఉండే ఆ యంత్రం ఆగితే మిల్లంతా ఆగుతుంది. వేడి మితిమీరితే కాలిపోకుండా దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు దానికి ఉంది. రెండు గంటలు తిరగడం, గంటసేపు చల్లారడం. మూడు రోజులుగా ఇదే వరస.

బయట ఎడ్లబళ్ళూ ట్రాక్టర్లూ రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. కోసిన చెరుకు ఎవరి కోసమూ ఆగదు. ఎండకు దాని రసం పోతూనే ఉంటుంది. ఏడాది పొడుగునా నీళ్ళు కట్టి, కలుపు తీసి, రాత్రుళ్ళు అడవిపందుల్ని తోలి పెంచిన పంట మిల్లు గేటు ముందు ఎండిపోతుంటే ఆ కడుపుమంట ఎలా ఉంటుందో పడినవాళ్ళకే తెలుసు.

"ఏటి బాబూ, మీ మోటారు మళ్ళీ తొంగుందా?" గేటు దగ్గర్నుంచి ఎర్నమ్మ కేకేసింది. ఆమెది ఎకరంన్నర చెరుకు. కోసి బండికెత్తి మూడు రోజులైంది. "పెళ్ళికొడుక్కి చేసినట్టు దానికి సింగారం చేసినారు. నా చెరుకు చూడు, ఇంక పొయ్యిలోకే పనికొస్తాది!"

ఆ మాట తవిటినాయుడికి గుచ్చుకుంది. ఆ సింగారం చేసింది తనే.

దసరాకి, ఆయుధపూజ ముందు, మిల్లులో ప్రతి యంత్రానికీ రంగు వెయ్యడం ఆనవాయితీ. ఈ ఏడు తవిటినాయుడు బ్రష్షులు పక్కన పడేసి స్ప్రేగన్ తెప్పించాడు. మోటారు నెమలికంఠం రంగులో మెరిసిపోయింది. పసుపూ కుంకుమా పెట్టి బంతిపూల దండ వేస్తే, జనరల్ మేనేజరే ఆగి ఫొటో తీసుకున్నాడు. "సన్యాసయ్య ఉన్నప్పుడు కూడా ఇంత అందంగా లేదోయ్" అన్నాడు. ఆ మాట తవిటినాయుడు ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో.

సన్యాసయ్య మేస్త్రీ అతని గురువు. ఎనిమిదేళ్ళు దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. పోయిన వేసవిలో రిటైరయ్యాడు. మేస్త్రీగా తవిటినాయుడికి ఇదే మొదటి సీజను.

గురువు చూసుకున్న ఇరవైఒక్క ఏళ్ళలో ఆ మోటారు వేడికి ఒక్కసారి కూడా ఆగలేదు. పూజ మర్నాడు తెల్లవారుతూనే ఆయన ఒక్కడే మోటారు గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. లోపల ఏదో మంత్రం కడతాడని మిల్లంతా చెప్పుకునేది. ఆయన ఔననలేదు, కాదనలేదు.

తవిటినాయుడు తెలిసినవన్నీ చేశాడు. గేరు నూనె చూశాడు, సరిగానే ఉంది. బేరింగుల చప్పుడు విన్నాడు, బాగానే ఉంది. క్యారియర్ మీద చెరుకు తగ్గించాడు. రెండు పెద్ద ఫ్యాన్లు తెచ్చి పెట్టాడు. గోనెసంచులు తడిపి కప్పాడు. "ఆ ఆపే తీగ పీకెయ్ బావా, పీడా వదిలిపోద్ది" అన్నాడు తోటి ఎలక్ట్రీషియన్. ఆ ఒక్కటీ చెయ్యలేదు.

ఇంజనీరు చక్రధర్ కాగితం పట్టుకొచ్చాడు. "మోటారు పని అయిపోయిందని రాసి సంతకం పెట్టు. పెద్దది తెప్పిస్తాను. నాలుగు రోజులు మిల్లు ఆపుదాం."

నాలుగు రోజులు! తవిటినాయుడు గేటు వైపు చూశాడు.

"సాయంత్రం దాకా ఆగండి సార్" అని, సైకిలెక్కి గురువు ఇంటికి పోయాడు.

సన్యాసయ్య పెరట్లో చిక్కుడు పాదుకు కర్రలు కడుతున్నాడు. శిష్యుడు చెప్పిందంతా విని, ఒకటే అడిగాడు.

"ఆపే తీగ పీకావా?"

"లేదండి."

"బతికించావు."

లోపలికి వెళ్ళి, గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి జేబులో వేసుకొచ్చి సైకిలు వెనక కూర్చున్నాడు.

మంత్రం తెలిసిన మేస్త్రీ వచ్చాడని మిల్లులో గుప్పుమంది. ఆయన మోటారు గదిలోకి అడుగుపెట్టగానే పనివాళ్ళంతా మర్యాదగా బయటికి నడిచారు. ఒకడు తలుపు దగ్గరికి లాగబోయాడు.

"తలుపు తీసే ఉంచు" అన్నాడు సన్యాసయ్య. "అందరూ లోపలికి రండి. ఇంజనీరుగారినీ పిలవండి. గేటు కాడ అరుస్తున్న ఆ ముసలమ్మనీ రమ్మనండి."

కరెంటు పూర్తిగా తీయించాడు. ముందు తడి గోనెసంచులు ఒక్కొక్కటీ తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. మోటారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ నెమలికంఠం రంగును చాలాసేపు చూశాడు.

"బాగా వేశావురా" అన్నాడు. అందులో వెక్కిరింపు లేదు. ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి మెచ్చుకోవడమే ఉంది.

తర్వాత ఉలీ సుత్తీ అడిగి తీసుకుని, గేరుపెట్టె వీపు మీద ఉలి ఆనించి కొట్టాడు. అరచేయంత పెచ్చు ఊడి పడింది. తవిటినాయుడి చెయ్యి దానంతటదే అడ్డంగా లేచి, సగంలో ఆగింది.

గురువు ఆ పెచ్చు తీసి అతనికిచ్చాడు. "అంచు చూడు."

అంచులో సన్నటి గీతలున్నాయి. పైన నీలం. దాని కింద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు, బూడిద... రూపాయి బిళ్ళకన్నా మందంగా ఉంది పెచ్చు.

"ఇరవైరెండు పూతలు" అన్నాడు సన్యాసయ్య. "ఇరవైఒకటి నావి. ఒకటి నీది."

గేరుపెట్టె పైన, రంగు నున్నగా పరుచుకుని చిన్న బొడిపెలా ఉన్న చోట ఆయన వేలితో తడిమాడు. దబ్బనం తీసి అక్కడ పొడిచాడు. బుస్సుమని, కాలిన నూనె వాసనతో వేడిగాలి బయటికి తన్నుకొచ్చింది. ఎంతకీ ఆగలేదు.

"అమ్మో, పాములాగుందే!" అని ఎర్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇది దీని ముక్కు" అన్నాడు సన్యాసయ్య.

మోటారు వెనక ఫ్యానుకు ఉన్న జాలీ మీద దబ్బనం గీశాడు. సగం చిల్లులు రంగుతో పూడిపోయాయి. మిగతావాటికి చెరుకు పిప్పి దుమ్ము అంటుకుని అట్టకట్టింది. వేడి పోవడానికి మోటారు ఒంటి మీద నాగలి చాళ్ళలా వరసగా గాళ్ళు ఉంటాయి. వాటిలో వేలు దూరేంత సందు ఉండాలి. రంగూ పిప్పి దుమ్మూ కలిసి గడ్డకట్టి దబ్బనం కూడా దూరలేదు.

తవిటినాయుడు గొంతు తగ్గించి అడిగాడు. "గురువుగారూ, పూజ మర్నాడు మీరు తలుపేసుకుని..."

"ఇదే. ఈ దబ్బనంతో ముక్కూ, జాలీ పొడుచుకొచ్చేవాణ్ణి. అరగంట పని."

గదిలో ఎవరో కిసుక్కుమని, వెంటనే ఆపేశారు.

"మరి మంత్రం?" అన్నాడు ఇంజనీరు.

"అది మీరు కట్టిన మాట. నేను వద్దనలేదు. వినడానికి బాగుండేది."

"నాకెందుకు చెప్పలేదండీ?"

తవిటినాయుడు ఎనిమిదేళ్ళలో గురువును ఆ స్వరంతో అడగడం అదే మొదలు. అన్నాక తనే భయపడ్డాడు. సన్యాసయ్య మాత్రం తల దించుకోలేదు. శిష్యుడి కళ్ళలోకే చూశాడు.

"చెబితే నేనూ అందరిలాంటి ఫిట్టరునే అయిపోతానురా. అందుకు."

ఇంజనీరు వైపు తిరిగి అన్నాడు: "రికార్డు పుస్తకంలో తప్పు నా పేరున రాయండి. కుర్రాడు కంటికి కనబడే పని చేశాడు. కనబడని పని నేను దాచుకున్నాను."

ప్రతి షెడ్డులోనూ ఉంటారు, ఒక చిన్న కిటుకు గుప్పిట్లో పెట్టుకుని పెద్దవాళ్ళయినవాళ్ళు. వాళ్ళ కాళ్ళు పట్టినా, కల్లు పోయించినా గుప్పిట విప్పరు. కాటికి పోయేటప్పుడు దాన్నీ పట్టుకుపోతారు. వాళ్ళ వెనక మిషన్లు కాలిపోతాయి, ఒక్కోసారి మనుషులూ కాలిపోతారు. అంతమంది ఎదుట తన పేరును తనే ఉలి పెట్టి ఊడగొట్టుకున్న మనిషిని ఎన్ని షెడ్లు తిరిగితే చూడగలం?

సన్యాసయ్య పంచె ఎగ్గట్టి నేల మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. తవిటినాయుడు ఆయన చేతిలో ఉలి అందుకోబోతే, "ఇటువైపు నాది, అటువైపు నువ్వు పట్టు" అన్నాడు.

ఉలి లావు. గాళ్ళలోకి దిగలేదు. ఎర్నమ్మ నడుం దగ్గర దోపుకున్న కొడవలి తీసింది.

"దీని మొన సన్నం. జరుగు బాబూ, గీకుడు నాకేం కొత్త? ముప్పయ్యేళ్ళ నించి చెరుకాకు గీకుతన్నాను."

ఆమెను చూసి బయట బళ్ళ దగ్గరున్న రైతులు ఇంకో నలుగురు వచ్చారు. మధ్యాహ్నం దాటేదాకా గీకారు. నేలంతా రంగు పెచ్చులే. అట్టడుగున, రంగు లేని ఇనుము బయటపడింది.

మోటారు వేశారు. ఒక గంట అయింది. రెండు గంటలు అయ్యాయి. మూడో గంటలో తవిటినాయుడు అరచెయ్యి తీసి మోటారు మీద పెట్టాడు. పది లెక్కపెట్టేదాకా తియ్యలేదు. ఇంజనీరు సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అవతల ఎర్నమ్మ చెరుకు గలగలమంటూ క్యారియర్ మీద పడుతోంది.

పొద్దు వాలాక, గురుశిష్యులిద్దరూ మిల్లు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. తవిటినాయుడికి పగలంతా నోటిదాకా వచ్చి ఆగిన మాట అప్పటికి బయటపడింది.

"మీరు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదండీ. నాలుగు రోజుల్లో కొత్త మోటారు వచ్చేసేది. మీ పేరు మీకు ఉండేది."

సన్యాసయ్య గోళ్ళలో ఇరుక్కున్న రంగును దబ్బనంతో తీసుకుంటూ అన్నాడు.

"వచ్చేది. దానికీ రంగు వేసేవాడివి."