ఏటి అవతలికి చూసిన ఓరచూపులమ్మ

పూర్వం గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెంపలిగుట్ట అనే చిన్న సీమను కొమ్మనాయకుడనే సామంతుడు ధర్మం తప్పక పరిపాలిస్తూ ఉండేవాడు. ఆయన వట్టి పరాక్రమశాలి మాత్రమే కాదు, దయార్ద్రహృదయుడు. ఏ కాపు ఎద్దయినా తప్పిపోయిందని తెలిస్తే భటులను పంపి ఊరుకోక తానే గుర్రమెక్కి అడవంతా గాలించి, దాన్ని తోలుకొచ్చి యజమాని గాటికి కట్టించేదాకా భోజనానికి కూర్చునేవాడు కాడు. ఆయన ధర్మపత్ని సూరాంబ. భర్త కొలువు ముగించి ఇంటికి వచ్చే అడుగుల చప్పుడును బట్టే ఆనాటి న్యాయవిచారణ ఎలా సాగిందో చెప్పగలిగినంత అన్యోన్యత ఆ దంపతులది.

అలాంటి సంసారంలో ఒక వసంతఋతువున వింత మార్పొకటి పొడసూపింది. నాయకుడికి నిద్ర అక్కరలేకుండా పోయింది. కోడి కూయకముందే కొలువు తీర్చి, ఒక మాట ముగియకముందే మరొక మాట అందుకుంటూ, ఏటికి అడ్డకట్ట వేసి సముద్రమంత చెరువు తవ్విస్తాననీ, గుట్టమీద మబ్బులు తగిలే గోపురం లేపుతాననీ ప్రకటించసాగాడు. గాదెలు తెరిపించి విత్తనపు ధాన్యమంతా అడిగినవారికీ అడగనివారికీ పంచిపెట్టాడు. మన దొరను దేవుడు ఆవహించాడని ప్రజలు జేజేలు పలికారు. సూరాంబ కూడా మొదట మురిసిపోయింది; ఆయన పట్టపగలు వీధిలో పాట పాడుతూ వచ్చి ఆమె జడలో మల్లెలు తురిమినప్పుడు సిగ్గుతో, సంతోషంతో ఆమె కొంగు చాటున ముఖం దాచుకుంది. కానీ ఎవరైనా అడ్డు చెబితే ఆయన కళ్ళలో లేచే నిప్పును, దేనిమీదా నిలవని ఆ చూపును గమనించిన కొద్దీ ఆమె గుండెల్లో తెలియని దిగులు గూడు కట్టుకుంది.

తొలకరి పడేనాటికి ఆ ఉత్సాహమంతా దీపం ఆరినట్లు ఆరిపోయింది. విత్తడానికి గింజ లేదని కాపులు వచ్చి నిలబడితే, నాయకుడు గోడవైపు తిరిగి పడుకున్నాడే గాని లేచి రాలేదు. సూరాంబ పుట్టింటికి కబురు పెట్టి బండ్లమీద విత్తనాలు తెప్పించి ఆ గండాన్ని గట్టెక్కించింది. అది విని కూడా ఆయన ముఖం విప్పారలేదు. తిండి సయించదు, స్నానం తలపుకు రాదు, పలకరిస్తే కన్నీళ్ళు. ఒకనాడు ఆమె ముద్దలు కలిపి నోటికి అందిస్తుంటే, "నేను లేకపోతేనే మీకందరికీ సుఖం సూరమ్మా" అన్నాడు. ఆ మాటతో ఆమె చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆనాటి నుంచి ఆయనను ఒంటరిగా విడిచి గడప దాటలేదు.

మరుసటి ఏడూ అలాగే జరిగింది; వసంతంలో ఉప్పెన, వానకాలంలో చీకటి. జనం గుసగుసలాడారు. గాలి సోకిందన్నారు కొందరు, పూర్వజన్మ పాపమన్నారు మరికొందరు, ఇల్లాలి జాతకం మంచిది కాదని తేల్చారు ఇంకొందరు. దయ్యాన్ని వదిలిస్తానని ఒక భూతవైద్యుడు వేపమండలూ కొరడా పట్టుకొని వస్తే, మొదటి దెబ్బకే సూరాంబ తన చేయి అడ్డం పెట్టి అతణ్ణి వాకిలి దాటించింది. దొరగారు వ్రతదీక్షలో ఉన్నారని వచ్చినవారికల్లా చెప్పి పంపేది. ఏటికి ఆవలి ఒడ్డున, పూర్వరాజులు నెలకొల్పిన ఆరోగ్యశాల ఒకటి ఉన్న సంగతి ఆమెకు తెలియకపోలేదు. అయితే అక్కడికి జ్వరాలవారు, ఎముకలు విరిగినవారు, కాన్పులకు స్త్రీలు వెళ్ళేవారు గాని మనసు చెదిరినవారు వెళ్ళిన దాఖలా ఆమె వినలేదు. పైగా నాయకుడికి పిచ్చి పట్టిందన్న మాట ఏరు దాటితే పొరుగు సామంతులు సీమమీద పడతారన్న భయం ఒకటి.

దిక్కుతోచక ఆ సాధ్వి గుట్టమీద వెలసిన వెంపలమ్మకు మొక్కుకొంది. ఆషాఢమాసపు మంగళవారం ఉదయాన తాను మోకాళ్ళమీద మెట్లెక్కుతూ, భర్తను వెంటబెట్టుకొని సన్నిధికి చేరింది. ఆయన రమ్మంటే వచ్చాడు, నిలబడమంటే నిలబడ్డాడు. అంతకుమించి ఆయనలో చలనం లేదు. అమ్మవారు తూర్పుముఖంగా, మెట్లెక్కి వచ్చేవారికి ఎదురుగా కొలువై ఉండేది. పూజారి సింగనయ్య హారతి వెలిగించి పైకెత్తాడు. గాలి కదలకుండానే జ్వాల పక్కకు ఒరిగింది. గంటలు వాటంతటవే ఆగిపోయాయి. అందరూ రెప్ప వేయడం మరచి చూస్తుండగా, ఆ నల్లరాతి విగ్రహం మెడ నెమ్మదిగా, నిద్రలో బిడ్డ ఒత్తిగిలినంత మెత్తగా, కుడివైపునకు తిరిగింది. భుజంమీది పూలమాల జారి నేలమీద పడింది.

సింగనయ్య చేతిలోని పళ్ళెం జారిపడి ఖంగుమంది. "అపచారం! అమ్మ మొగం తిప్పేసుకుంది!" అని అతడు గావుకేక పెట్టాడు. ఆడవాళ్ళు బావురుమన్నారు. కొందరు ఆ దంపతులకు దూరంగా జరిగారు. సూరాంబ నేలకు ఒరిగి, "నా దొరను చూడనని మొగం చాటేశావా తల్లీ? ఇక నేనెవరి దగ్గరికి పోను?" అని గుండెలు పగిలేలా ఏడ్చింది.

అప్పుడు కొన్నాళ్ళుగా పెదవి విప్పని కొమ్మనాయకుడు మాట్లాడాడు.

"ఏడవకు సూరమ్మా. అమ్మ అలిగినట్టు లేదు. అలిగినవాళ్ళు కళ్ళు దించుకుంటారు. ఈమె దూరంగా దేన్నో చూస్తోంది."

ఆయన మెల్లగా వెళ్ళి విగ్రహం పక్కన నిలబడి, తన చెంప అమ్మవారి చెంపకు సమంగా వంచి, ఆ చూపు పోయిన దారినే చూశాడు. దక్షిణాన గుట్ట దిగువన ఏరు, ఏటికి ఆవల తోపు, తోపు నడుమ నుంచి సన్నగా లేస్తున్న పొగ కనిపించాయి.

"ఆ పొగ ఏమిటయ్యా?" అన్నాడు.

"ఆరోగ్యశాలది దొరా. కషాయాలు కాచే పొయ్యిలు అవి" అన్నాడు సింగనయ్య తడబడుతూ.

అంతలో సూరాంబ కన్నీళ్ళ మధ్యనే పకపకా నవ్వింది. "అమ్మా! కంటి ఎదుట ఉన్న దారి నాకు చూపడానికి నీ మెడ తిప్పుకోవలసి వచ్చిందా తల్లీ!" అని లేచి భర్త చేయి పట్టుకుంది. ఆయన వెనకాడాడు. "నా ఒంట్లో ఏ నొప్పీ లేదు గదా. నాది చేతకానితనం. దాన్ని వైద్యుడికి ఏమని చూపించను?" అన్నాడు. "మనం వెళ్దాం పదండి. ఏం చూపించాలో ఆయనే అడుగుతాడు" అంది ఆమె.

ఇన్నాళ్ళు దాచినదాన్ని దాచడం ఆమెకు ఇక అనవసరమనిపించింది. పల్లకీ వద్దంది, తెరలు వద్దంది. ఊరంతా చూస్తుండగా భర్త చేయి విడవకుండా రేవుకు నడిచింది. గుట్టమీద దూరంగా జరిగినవారే ఇప్పుడు సిగ్గుపడి వెంట వచ్చి, ఏరు దాటించే పుట్టిని నీళ్ళలోకి తోసి, తాడు అందించారు.

ఆరోగ్యశాలకు అధిపతి ఈశానభట్టు శాస్త్రం క్షుణ్ణంగా చదివినవాడు, చదివినదానికన్నా ఎక్కువగా వినే ఓర్పున్నవాడు. నిద్ర ఎలా పడుతుంది, ఆకలి ఎలా ఉంటుంది, ఆలోచనలు ఎప్పుడు పరుగెడతాయి, ఎప్పుడు నిలిచిపోతాయి, చచ్చిపోవాలన్న తలపు వస్తుందా అని ఏ జంకూ లేకుండా అడిగాడు. వస్తుందని నాయకుడు మొదటిసారిగా ఒప్పుకున్నాడు. ఒప్పుకోగానే ఆయన భుజాలమీది బరువేదో దిగినట్లయింది. వంశంలో ఇలా ఎవరికైనా ఉండేదా అంటే, ఏటా కొన్నాళ్ళు తలుపు వేసుకొని ఉండిపోయే పినతండ్రి జ్ఞాపకం వచ్చాడు. సూరాంబను కూడా కూర్చోబెట్టి అన్నీ అడిగి తెలుసుకొని, భట్టు చివరికి ఇలా అన్నాడు.

"నాయకా, ఇది పాపం కాదు, పూనకం కాదు, పిరికితనం అసలే కాదు. ఇది వ్యాధి. ఒక ఋతువులో మీ మనసు జ్వరం వచ్చినట్టు కాగిపోతుంది, మరో ఋతువులో చల్లబడి గడ్డకడుతుంది. రెండూ ఒకే జబ్బు. దీనికి చికిత్స ఉంది."

"పూర్తిగా పోతుందా?"

"అదుపులోకి వస్తుంది. మళ్ళీ తలెత్తితే ముందుగానే గుర్తుపట్టి అణచవచ్చు. మీరు మందు మానకూడదు, వేళకు నిద్ర తప్పకూడదు, మనసులో మాట దాచకూడదు."

సూరాంబ చేతులు జోడించి, "ఇందులో నా తప్పేమైనా ఉందా స్వామీ?" అని అడిగింది. "జ్వరమొస్తే అది ఎవరి తప్పమ్మా?" అన్నాడు భట్టు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తనివితీరా ఏడ్చింది. అది దుఃఖం కాదని అక్కడున్న రోగులకు సైతం అర్థమైంది.

ఆ దంపతులు ఆరోగ్యశాలలోనే ఉండిపోయారు. ఔషధఘృతాలు, తలకు తైలధారలు, వేళకు పడక, ఉదయాన మూలికల తోటలో నడక, సాయంత్రం భట్టుతో మనసు విప్పిన సంభాషణ - ఇలా చికిత్స సాగింది. కషాయం ఎంత చేదంటే, యుద్ధంలో బాణం తగిలినా ముఖం చిట్లించని నాయకుడు ఆ గిన్నెను చూడగానే చిన్నపిల్లవాడిలా తల పక్కకు తిప్పేవాడు. చాలాకాలం ఏ మార్పూ కనబడలేదు. ఒకటి రెండుసార్లు భట్టు మందు మార్చాడు కూడా. సూరాంబ ధైర్యం సడలబోతున్న సమయంలో, ఒక ఉదయం చద్దన్నం ముందు కూర్చున్న భర్త తల ఎత్తి, "మాగాయ ఏమైనా ఉందా?" అన్నాడు. ఆమె వంటశాలకు ఎంత వేగంగా పరుగెత్తిందంటే, తోటలో మూలికలు కోస్తున్నవారు నిప్పంటుకుందేమోనని కంగారుపడ్డారు. ఆయన మాగాయ కలుపుకొని తింటుంటే ఆమె ఎదురుగా కూర్చొని నవ్వుతూనే ఉంది. ఎందుకు నవ్వుతున్నావని అడిగి, జవాబు వినకుండానే ఆయనా నవ్వాడు.

నాయకుడు స్వస్థచిత్తుడై సీమకు తిరిగి వచ్చినప్పుడు ప్రజలు మేళతాళాలతో ఎదురేగారు. కొన్నేళ్ళు సుఖంగా గడిచాయి. ఇక నయమైపోయిందని ఆయన మందు మానేశాడు. ఆ వసంతంలో మళ్ళీ నిద్ర తగ్గింది, మళ్ళీ గోపురం ప్రస్తావన మొదలైంది. "దొరా, గోపురం మాట మళ్ళీ వచ్చింది" అంది సూరాంబ నెమ్మదిగా. ఆయనకు కోపం వచ్చింది. "మనిషి సంతోషంగా ఉన్నా జబ్బేనా?" అని గద్దించాడు. ఆమె వాదించలేదు, ఒక్కసారి గుట్టెక్కి అమ్మను చూసి రమ్మంది. ఆయన విసురుగా వెళ్ళాడు. అమ్మవారు ఎప్పటిలాగే ఏటి అవతలికి చూస్తోంది. ఆ చూపు ముందు ఆయన కోపం నిలవలేదు. "నేను కదిలేదాకా ఈ తల్లి మెడ తిప్పేలా లేదు" అని నవ్వుకుంటూ తనంతట తానే పుట్టి ఎక్కాడు. "మేం సంతోషానికి మందు ఇవ్వడం లేదు నాయకా, ఆ సంతోషం మిమ్మల్ని ఈడ్చుకుపోకుండా ఇస్తున్నాం" అన్నాడు భట్టు. ఆ మాటను నాయకుడు జీవితాంతం మరువలేదు. ఆయనకు ఆ తరువాత కూడా గడ్డురోజులు రాకపోలేదు గాని, అవి వచ్చినట్లే పోయేవి. ఆయన నిండుగా జీవించి, మనుమలను ఎత్తుకొని, సీమను సుభిక్షంగా పాలించాడు.

నాయకుడే వెళ్ళాడని తెలిశాక ప్రజలకు జంకు పోయింది. బిడ్డను కని ఆ బిడ్డ ముఖమైనా చూడలేక మౌనంగా కూర్చున్న ఒక కుమ్మరి కోడలిని సూరాంబ స్వయంగా చేయి పట్టుకొని ఏరు దాటించింది. ఆ పిల్ల తిరిగి వచ్చేటప్పుడు బిడ్డకు పుట్టిలో జోల పాడుతూ వచ్చింది. అప్పటి నుంచి వెంపలమ్మ పేరు మరుగునపడి, ఆ తల్లి ఓరచూపులమ్మగా ప్రసిద్ధికెక్కింది. విగ్రహం మెడ సరిచేయిస్తామని కొందరు భక్తులు శిల్పులను తీసుకొచ్చారుగాని, ఆ చూపు ఎటుపోతోందో చూశాక ఏ శిల్పీ ఉలి ఎత్తలేదు.

నేటికీ ఆషాఢ మంగళవారాన ఆ తల్లి ఉత్సవమూర్తిని పూలు కట్టిన పడవలో ఆవలి ఒడ్డుకు ఊరేగిస్తారు. డప్పులు మోగుతుండగా వైద్యుడు మొదటి గుక్క కషాయం అమ్మకు నివేదిస్తాడు. తరువాత ఊరంతా తలొక గుక్క తాగి, ఒకరి ముఖం చూసి ఒకరు విరగబడి నవ్వుకొని, బెల్లంముక్క నోట్లో వేసుకుంటారు. మిగిలిన రోజుల్లో ఎవరైనా మనోవేదనతో వచ్చి మొక్కుకోబోతే, పూజారి తీర్థం ఇచ్చే ముందు, "చూపించుకున్నావా నాయనా?" అని అడుగుతాడు. లేదంటే, "ముందు అటు వెళ్ళి రా. నీ మొక్కు ఎక్కడికీ పోదు" అని రేవువైపు దారి చూపిస్తాడు. పడవవాడు ఎందుకని అడగడు. తూర్పుమెట్లు ఎక్కి వచ్చినవారికి అమ్మవారి చెంప మాత్రమే దర్శనమిస్తుంది. ఏరు దాటి తిరిగి వచ్చి, రేవువైపున్న దక్షిణపు మెట్లు ఎక్కేవారికి మాత్రం, ఆఖరి మెట్టుమీద కాలు మోపగానే, తమకోసమే ఎదురుచూస్తున్నట్లుగా అమ్మ నిండు మొగం చిరునవ్వుతో ఎదురవుతుంది.