దుప్పుల చుక్కల పేరంటం

ఒకప్పుడు దుప్పి ఒంటిమీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. నిజం! మొహాలు అలా పెట్టకండి. చెవుల నుంచి తోకదాకా ఒకటే రంగు, వాన పడ్డ ఎర్రమట్టి రంగు.

చిరుతకు మచ్చలున్నాయి. నెమలి ఈకలకు కళ్ళున్నాయి. ఆఖరికి వేలెడంత లేని ఆరుద్ర పురుగు కూడా ఎర్రపట్టు కట్టుకుని తిరిగేది. దుప్పులకు మాత్రం ఏ ముస్తాబూ లేదు. దానికి అవి లోలోపల కుళ్ళుకునేవి.

అందుకే అడవిలోకి ఎర్రతట్టు వస్తే దుప్పులు సంబరపడేవి. ఎర్రతట్టు అంటే పిల్లలకొచ్చే జబ్బు. ముందు ముక్కు కారుతుంది, కళ్ళు ఎర్రబడతాయి, జ్వరం కాస్తుంది, ఆ తర్వాత ఒళ్ళంతా ఎర్రటి చుక్కలు. అవును, జబ్బుకే సంబరం! "మా పిల్లకు చుక్కలొచ్చాయోచ్!" అని తల్లులు గంతులేసేవాళ్ళు. తెలివి తెల్లారినట్టే ఉంది కదూ?

అంతటితో ఊరుకున్నారా? లేదు. ఎవరి పిల్లకు చుక్కలు పొడిస్తే వాళ్ళ పొద దగ్గర పేరంటం. మందలోని తల్లులంతా పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళి, జబ్బుపిల్ల మూతికి తమ పిల్లల మూతి రాయించేవాళ్ళు. అందరికీ ఒకేసారి వచ్చిపోతే పీడా వదులుతుందని వాళ్ళ లెక్క. దాన్నే చుక్కల పేరంటం అనేవాళ్ళు.

ఆ మందలో సంపెంగి అని ఒక తల్లి దుప్పి ఉండేది. దానికి ఏడాది కొడుకు, పేరు గంతులు. పేరుకు తగ్గట్టే వాడు ఒకచోట నిలిచేవాడు కాదు. వాగును ఒక్క దూకులో దాటేవాడు. దాటి, వెనక్కి తిరిగి, "చూశావా అమ్మా?" అని అరిచేవాడు. చూశానంటే మళ్ళీ దూకేవాడు. సంపెంగి అప్పుడు నిండు చూలాలు. వాడి వెనక పరిగెత్తలేక ఆయాసపడేది, ఆయాసపడుతూనే మురిసిపోయేది.

ఒకరోజు మందకు పెద్ద అయిన దోరమ్మ కబురు పెట్టింది. "నా మనవడికి చుక్కలొచ్చాయి. పేరంటానికి రండి."

సంపెంగి ఇప్పపూలు నోట కరుచుకుని, గంతుల్ని వెంటబెట్టుకుని బయలుదేరింది. దారిలో రాళ్ళగుట్ట దగ్గర ముళ్ళవ్వ కూర్చుని ఉంది. ముళ్ళవ్వ అంటే ముసలి ముళ్ళపంది. అడవిలో ఎవరికి జబ్బు చేసినా ఆకూ వేరూ ఇచ్చేది ఆమే.

"ఎక్కడికే పిల్లా, బిడ్డను తీసుకుని?" అంది ముళ్ళవ్వ.

"చుక్కల పేరంటానికి అవ్వా."

ముళ్ళవ్వ ముళ్ళు ఝల్లుమన్నాయి. "నీకేమన్నా మతిపోయిందా? కోరి కోరి బిడ్డను జబ్బు నోట్లో పెడతావా? తట్టు చర్మం మీద ఆగే జబ్బు కాదే! ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. చెవుల్లోకి పోతుంది. కళ్ళు తీస్తుంది. ఒక్కోసారి మెదడుకే ఎక్కుతుంది. నా దగ్గర ఒక ఉపాయం ఉంది, కాసేపు కూర్చో, చెబుతాను."

ఇంతలో పిలుపులు పూర్తిచేసుకుని వెనకనుంచి దోరమ్మ వచ్చింది. "ఆ ముసల్దాని మాటలు వినకే అమ్మాయ్! మా చిన్నప్పుడు అందరికీ వచ్చింది తట్టు. మేం చచ్చామా?"

"చచ్చినవాళ్ళు నీ పేరంటానికి వచ్చి చెప్పరుగా దోరమ్మా!" అంది ముళ్ళవ్వ.

ఆ మాటకు సంపెంగి ఒక్క క్షణం ఆగింది. కానీ నలుగురూ పోతున్నారు, తానొక్కతే ఆగిపోతే ఏమనుకుంటారు? ముఖ్యంగా దోరమ్మ ఏమనుకుంటుంది? పోయింది. గంతుల మూతిని జబ్బుపిల్ల మూతికి తానే స్వయంగా రాయించింది. అందరూ ఇప్పపూలు తిన్నారు, కబుర్లు చెప్పుకున్నారు.

మూడోనాడు దోరమ్మ మనవడు దగ్గి దగ్గి, ఊపిరి అందక చచ్చిపోయాడు.

మందంతా కొయ్యబారిపోయింది. పేరంటంలో ఆడుకున్న పిల్లాడు! "వాడి రాత అంతే," అంది దోరమ్మ. అని, ఎవరికీ మొహం చూపించకుండా వెళ్ళిపోయింది.

పది రోజులయ్యేసరికి పేరంటానికి వెళ్ళిన పిల్లలతోపాటు గంతులకూ ముక్కు కారింది. కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఒళ్ళు కాలిపోయింది. ఆ తర్వాత చెవుల వెనక ఎర్రగా మొదలై, మెడ మీదికి, వీపు మీదికి, కాళ్ళకు దిగాయి చుక్కలు. సంపెంగికి ఇప్పుడు సంబరం లేదు. వాడి డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే పక్కనే పడుకుని ఊపిరి లెక్కపెట్టింది. ఆ గాభరాలోనే నెప్పులొచ్చాయి. లేచి దూరంగా పోయి, గడ్డిలో ఆడపిల్లను ఈనింది. దానికి రేగు అని పేరు పెట్టింది. గాలి ఇటు వీచని అవతలి పొదలో గంతులు దగ్గుతూనే ఉన్నాడు.

నాలుగైదు రోజులకు జ్వరం దిగింది. చుక్కలు మాడి, తవుడులా పొట్టు రాలింది. "అమ్మయ్య! గండం గడిచింది," అనుకుంది సంపెంగి. పాపం, అలాగే అనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఎండ మాడు పగలగొడుతోంది. గంతులు లేచాడు. రెండడుగులు వేసి, తునికిచెట్టుకు ఢీకొన్నాడు. వెనక్కి తిరిగి ఇంకో చెట్టుకు ఢీకొన్నాడు.

"అమ్మా, ఇంకా తెల్లారలేదేంటమ్మా?" అన్నాడు.

సంపెంగికి అర్థం కాలేదు. వాడి కళ్ళలోకి చూసింది. నల్లగా నిగనిగలాడే కళ్ళ మీద తెల్లటి పొర. ఆ కళ్ళు తల్లి మొహం మీద ఆగలేదు. అటూ ఇటూ వెతికాయి.

"అమ్మా? ఎక్కడున్నావు?"

అమ్మో! సంపెంగి వాడి ముందే నిలబడి ఉంది. ఇద్దరి మూతులకూ మధ్య గడ్డిపోచంత దూరం కూడా లేదు. "ఇక్కడే ఉన్నానురా," అని ఎలాగో అంది. మూతి రాయించింది తానే! తానే!

అప్పుడు గుర్తొచ్చింది గడ్డిలో ఉన్న రేగు. ఒక్క ఉదుటున పరిగెత్తి దాని చుట్టూ ఇంకాస్త గడ్డి కప్పింది. "ఎవరినీ దగ్గరికి రానివ్వను. దీన్ని దాచేస్తాను," అంది.

గాలి ఆ మాట విని ఆగింది. "దాచు తల్లీ, మంచిదే. కానీ అదొక్కటే చాలదు. తట్టు పట్టినవాళ్ళు దగ్గితే అది నా ఒళ్ళో ఎక్కి కూర్చుంటుంది. దగ్గినవాళ్ళు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు దిగదు. నేనేమో వీచకుండా ఉండలేను. అవతలి గట్టు మందలో నిన్ననే ఒక పిల్ల తుమ్మింది. వాళ్ళకూ పేరంటం ఉందట."

సంపెంగి గంతుల్ని తన పక్కకు ఆనించుకుని, రేగును నడిపించుకుంటూ రాళ్ళగుట్టకు చేరింది.

"అవ్వా! ఆ రోజు ఉపాయం ఉందన్నావు. ఏంటది?"

ముళ్ళవ్వ గంతుల కళ్ళు చూసింది. తిట్టాలని నోరు తెరిచింది, కానీ తిట్టలేకపోయింది. నెమ్మదిగా చెప్పింది. "ఒంట్లో కాపలావాళ్ళుంటారే. మంచివాళ్ళే, బలమైనవాళ్ళే. కానీ దొంగ మొహం ఎన్నడూ చూసి ఎరగరు. తట్టు వచ్చినప్పుడు వాళ్ళు గుర్తుపట్టేలోగా అది ఇల్లంతా దోచేస్తుంది. అందుకని నేను రాలిన పొట్టును బండమీద తొమ్మిది ఎండలు ఎండబెడతాను. అప్పుడు దాని పళ్ళూ గోళ్ళూ ఊడిపోతాయి. కరవలేదు, రక్కలేదు. దాన్ని ముల్లుకు రాసి ఒంట్లో గుచ్చుతాను. కాపలావాళ్ళు దాన్ని పట్టుకుని చితకబాది, మొహం గుర్తుపెట్టుకుంటారు. ఇక అసలు దొంగ వస్తే గుమ్మంలోనే పట్టుకుంటారు."

సంపెంగి నోరు వెళ్ళబెట్టింది. "బాగున్న బిడ్డకు నన్నే జబ్బు ఎక్కించమంటావా?"

"పళ్ళూడినదాన్ని అంటున్నాను కదే! కాస్త ఒళ్ళు వెచ్చబడితే పడొచ్చు. మా పిల్లలు పదకొండుమందికీ ఇలాగే పొడిచాను. ఒక్కరికైనా తట్టు వచ్చిందేమో చూసుకో."

ఈ కబురు మందంతా పొక్కింది. దోరమ్మ ఊగిపోతూ వచ్చింది. "ఒక బిడ్డ కళ్ళు పోగొట్టుకున్నది చాలక, రెండోదాన్ని ముళ్ళతో పొడిపిస్తుందట! ఇదేం తల్లమ్మా! చోద్యం కాకపోతే!" మిగతా తల్లులు కూడా వంతపాడారు.

సంపెంగి ఆ వైపు ఒక అడుగు, ఈ వైపు ఒక అడుగు వేసింది. అప్పుడు గంతులు తల్లి డొక్కలోకి తలదూర్చి అన్నాడు, "అమ్మా, చెల్లి ఎలా ఉంటుందో నాకు తెలీదు. దానికి మాత్రం నేను ఎలా ఉంటానో తెలియాలమ్మా."

అంతే. సంపెంగి రేగును ముళ్ళవ్వ ముందు నిలబెట్టింది.

ఇక్కడొక తమాషా ఉంది. ముళ్ళపందికి ఒక్క ముల్లు ఎత్తడం చేతకాదు. ఎత్తితే వరసలకు వరసలే లేస్తాయి. ముళ్ళవ్వ పొట్టు అద్దుకుని, వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని, చటుక్కున ఒక్కసారి ఆనింది. రేగు వీపు మీద వరసలు వరసలుగా గుచ్చుకున్నాయి. అది కెవ్వుమంది. మీకు డాక్టరమ్మ తట్టు సూది వేసినప్పుడు వీధి వీధి వినేలా ఏడ్చారే, అచ్చం అలాగే. దోరమ్మ చెవులు మూసుకుంది. సంపెంగి కూడా ఏడ్చింది, కానీ బిడ్డను వదల్లేదు.

ఆ సాయంత్రం రేగుకు కాస్త ఒళ్ళు వెచ్చబడింది. తెల్లారేసరికి దిగింది. ముల్లు గుచ్చుకున్న ప్రతిచోటా వెంట్రుకలు తెల్లగా మొలిచాయి.

పక్షం గడిచాక అవతలి గట్టునుంచి గాలి వచ్చింది. దాని ఒళ్ళో ఎర్రతట్టు కూర్చుని ఉంది. నేరుగా రేగు ముక్కులో దిగి, "ఎవరూ లేరా లోపల?" అంటూ దర్జాగా నడిచింది.

"ఎందుకు లేం? నీకోసమే కూర్చున్నాం!" అన్నారు కాపలావాళ్ళు.

తట్టు బిత్తరపోయింది. "నన్నెలా గుర్తుపట్టారు? నేనిక్కడికి రావడం ఇదే మొదలు!"

"మీ పళ్ళూడిన తాత ముందే వచ్చి, తన్నులు తిని పోయాడులే!" అని పట్టుకుని ఉతికి ఆరేశారు. రేగు ఒక్కసారి తుమ్మింది. తుమ్మి, గడ్డి మేయసాగింది. అంతే!

అవతలి గట్టున మాత్రం ఆ వారం ఆరుగురు పిల్లలకు తట్టు సోకింది. ఒకడికి చెవులు వినబడకుండా పోయాయి. ఒకడు పోయాడు.

దుప్పులు రేగును చూశాయి, అవతలి గట్టును చూశాయి. తమ కళ్ళను తామే నమ్మలేకపోయాయి. ఇంత తేలికా? ఒక్క పోటా? మర్నాడు పొద్దున్నే రాళ్ళగుట్ట ముందు తల్లులు ఇంకా తట్టు రాని పిల్లలతో బారులు తీరారు. చుక్కల పేరంటం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అందరికంటే చివర దోరమ్మ వచ్చింది. పక్కన ఈమధ్యే పుట్టిన చిన్న మనవరాలు. ఆమె తల ఎత్తలేదు. "అవ్వా, దీనికి వెయ్యి," అంది. వేయించాక కూడా కదల్లేదు. మనవరాలిని దగ్గరికి లాక్కుని అడిగింది. "ఇది... నా మనవడికి కూడా వేసి ఉండొచ్చా?"

ముళ్ళవ్వ అబద్ధం చెప్పలేకపోయింది. "వేసి ఉండొచ్చే," అంది.

దోరమ్మ అక్కడే కూలబడింది. సంపెంగి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

తర్వాత సంపెంగి రేగును తీసుకుని గంతుల దగ్గరికి వెళ్ళింది. వాడు చెల్లి వీపును నాలుకతో తడిమాడు.

"ఇక్కడ వెంట్రుకలు వేరేగా ఉన్నాయేంటమ్మా?"

"చుక్కల్రా. తెల్లగా, వరసగా ఉన్నాయి."

"నొప్పెట్టిందా దానికి?"

"బాగా ఏడ్చింది."

"మరి కళ్ళు?"

"బాగున్నాయి నాయనా. నీ వంకే చూస్తోంది."

అప్పటినుంచే దుప్పి పిల్లలు వీపు మీద తెల్ల చుక్కల వరసలతో పుడుతున్నాయి. సింహం కూనల మచ్చల్లా, అడవిపంది పిల్లల చారల్లా పెద్దయితే పోయేవి కాదు, ముసలివైనా సరే, ఆ చుక్కలు చెరగవు. కొత్తగా ఈనిన తల్లి బిడ్డను కొన్నాళ్ళు గడ్డిలో దాచి, ఎవరినీ మూతి ఆనించనివ్వకుండా కాపలా కాసేది కూడా అప్పటినుంచే.